పాత లిఫ్టులో ఊపిరి చప్పుడు

మా ఆసుపత్రిలో రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గర ఒక పాత లిఫ్టు ఉంది. పగలు దాని ముందు నిలబడి జనం ఫోన్లు మాట్లాడుకుంటారు, పిల్లలకి బిస్కెట్లు తినిపిస్తారు. భోజనం ట్రాలీలూ, దుప్పట్ల మూటలూ అందులోనే పైకీ కిందికీ తిరుగుతాయి. చీకటి పడ్డాక మాత్రం... అక్కడ ఒక్కడూ ఆగడు. ఆగడం మాట అటుంచండి, అటు వైపు చూడడు కూడా.

నవ్వకండి. నేను అంబులెన్సు నడిపేవాణ్ణి. రోడ్డు మీద నేను చూడని ఘోరం లేదు. అయినా రాత్రిపూట ఆ మెట్లెక్కమంటే నడుం పట్టేసిందనో, బండి టైరులో గాలి తగ్గిందనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. "డ్రైవరు బండి దగ్గరే ఉండాలి" అని గొప్పగా చెబుతాను. అదీ నా ధైర్యం.

దాని చెడ్డపేరు ఈనాటిది కాదు. నేను ఉద్యోగంలో చేరకముందు ఇక్కడ స్ట్రెచర్ తోసే ఒకాయన ఉండేవాడట. అందరూ 'స్ట్రెచర్ మామ' అనేవాళ్ళు. ఒక రాత్రి పేషెంటుని పైకి తీసుకెళ్తుంటే కరెంటు పోయి ఆ లిఫ్టులో ఇరుక్కుపోయాడు. అప్పట్లో జనరేటర్ లేదు. తెల్లారి తలుపులు తెరిచేసరికి పేషెంటూ పోయాడు, మామా పోయాడు. రాత్రంతా తలుపు బాది బాది గుండె ఆగి చచ్చిపోయాడని చెప్పుకుంటారు.

అప్పట్నించీ కొన్ని రాత్రులు ఆ తలుపు లోపల్నించి చప్పుడు వస్తుంది. టక్, టక్, టక్... కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ టక్, టక్, టక్.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మందుల గది ఎక్కడో, దుప్పట్లు ఎక్కడో చూపించాక, గొంతు తగ్గించి ఇది కూడా చెబుతారు. చప్పుడు వినపడితే విననట్టు పో. వెనక్కి తిరక్కు. ఎవరని అడక్కు. అన్నిటికన్నా ముఖ్యం — నువ్వు తిరిగి తట్టకు. తట్టావంటే... అది నీ వెంట ఇంటికొచ్చేస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మరదలికి జరిగింది చెప్పాలి. మా ఆవిడకి స్వయానా చెల్లెలు. ఎమర్జెన్సీలో నర్సు. మా ఇంట్లోనే ఉంటుంది. చూడ్డానికి ధీమాగా ఉంటుంది గానీ చిన్నప్పుడు రాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే వాళ్ళక్క గుమ్మం దగ్గర నిలబడి పాట పాడాలట. పాట ఆగిందా, ఏడుపు మొదలు. "ఇంత పిరికిదానివి రాత్రి డ్యూటీలు ఎలా చేస్తావే?" అని నేనెప్పుడూ ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు ఏడిపించడం లేదు.

ఆ రాత్రి పేషెంటుని తెచ్చింది నేనే. తాపీమేస్త్రి. ఎక్కడో రాత్రిపూట స్లాబు పోస్తున్నారట, పరంజా విరిగి కింద పడ్డాడు. ఇనప చువ్వ తొడలో దిగింది. బండి నేలంతా నెత్తురే. పక్కన అతని భార్య. ఏడవడం లేదు, మాట్లాడ్డం లేదు... ఒళ్ళో అతని చెప్పుల జత పెట్టుకుని కూర్చుంది.

అద్దంలోంచి నేను చూస్తుంటే తనే అంది. "ఇంటికి నడిచి రావాలి కదన్నా."

యాక్సిలేటర్ ఇంకాస్త తొక్కాను. నేను చూసింది అక్కడివరకే. మిగతాదంతా మా మరదలు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

స్ట్రెచర్ లోపలికి రాగానే ఎవరి పని వాళ్ళు అందుకున్నారు. ఒకరు బట్టలు కత్తిరించారు. మా మరదలు చేతికి సెలైన్ ఎక్కించింది. ఆయా నేల మీద నెత్తురు వెంటవెంటనే తుడిచేస్తోంది, ఎవరైనా జారిపడితే ఇంకో పేషెంటు తయారవుతాడు కదా. 'మైకు' అని ఒక వార్డుబాయ్ ఉన్నాడు. గొంతు అలాంటిది, గేటు దగ్గర మాట్లాడితే మూడో అంతస్తుకి వినపడుతుంది. వాడు రెండు చేతులూ బిగించి తొడ మీద గాయాన్ని అదిమి పట్టాడు.

మేస్త్రికి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. డాక్టరు గొంతులోకి గొట్టం వేశాడు. ఆ గొట్టానికి అంబు బ్యాగ్ తగిలించారు. అదొక రబ్బరు సంచి. చేత్తో ఒత్తితే పేషెంటుకి ఒక ఊపిరి. మళ్ళీ ఒత్తితే ఇంకొకటి. ఒత్తడం ఆపితే... అంతే, ఊపిరి ఆగిపోతుంది. దాన్ని పెద్ద సిస్టర్ పట్టుకుంది.

పెద్ద సిస్టర్ గురించి చెప్పాలి. రిటైర్మెంటుకి దగ్గర పడింది, నోరు మాత్రం కారం. ఆవిడ దగ్గర పనిచేసే వాళ్ళందరికీ ఒక పద్ధతి నేర్పుతుంది. పేషెంటు మీద చెయ్యి వేసినవాళ్ళు, ఇంకొకళ్ళు వచ్చి అదే చోట చెయ్యి పెట్టి "నాది" అనేదాకా వదలకూడదు. "నాది" అన్నాకే నీ చెయ్యి తియ్యాలి. ముక్కు దురద పెట్టినా సరే, ఇల్లు కాలిపోతోందని ఫోనొచ్చినా సరే. అసలు ఫోన్లు డ్రాయర్‌లో పెట్టించేస్తుంది, అది వేరే సంగతి.

"వీణ్ణి వెంటనే ఆపరేషన్ థియేటర్‌కి ఎక్కించాలి" అన్నాడు డాక్టరు. థియేటర్ మూడో అంతస్తులో. ఆయన మెట్లమీద పరిగెత్తాడు, పైన సిద్ధం చేయించాలి.

పెద్ద సిస్టర్ సంచి ఒత్తుతూనే మా మరదలి వైపు చూసింది.

"నువ్వు రక్తం తీసుకుని మెట్లమీద వచ్చెయ్యి. మేం కొత్త లిఫ్టులో వచ్చేస్తాం. కబుర్లు పెట్టుకోకు."

రక్తం ఇచ్చేది మొదటి అంతస్తులో. మా మరదలు అక్కడ ప్యాకెట్ల కోసం నిలబడి ఉండగా లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఎవరో "అయ్యో" అన్నారు. కాసేపటికి కింద జనరేటర్ గుర్రుమంది, లైట్లు వచ్చాయి. రాత్రిళ్ళు ఇది మామూలే. ప్యాకెట్లున్న డబ్బా గుండెలకి హత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.

రెండో అంతస్తు దగ్గరికొచ్చేసరికి, అలవాటు ప్రకారం, తల దించుకుంది. మలుపులో ట్యూబులైటు వెలగలేక ఆరలేక కొట్టుకుంటోంది. ఎదురుగా ఆ ఇనప తలుపు. చూడకూడదనుకుంటూనే చూసింది.

టక్, టక్, టక్.

కాళ్ళు మెట్టుకి అతుక్కుపోయాయంది.

ఇన్నాళ్ళూ వాళ్ళు విన్నారనీ, వీళ్ళు విన్నారనీ వినడమే. తన చెవులతో ఎప్పుడూ వినలేదు. గాలికేమో అనుకుంది. గొట్టాల్లో నీళ్ళేమో అనుకుంది.

టక్, టక్, టక్... తలుపుకి అవతల, సరిగ్గా తన ఛాతీ ఎత్తులో. ఎవరో వేళ్ళు ముడిచి, తొందరపడకుండా, మర్యాదగా కొట్టినట్టు.

ఆ చప్పుడు ఆగాక ఇంకోటి వినపడింది.

ఫుస్... స్... స్.

కాసేపు ఏమీ లేదు.

ఫుస్... స్... స్.

ఊపిరి. లిఫ్టులో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. మెల్లిగా, లోతుగా... ఎక్కడో అడుగునుంచి. దాని వెనక ఒక మూలుగు. మనిషి గొంతే, కానీ మాట లేదు. బావిలోంచి వచ్చినట్టు సాగుతూ, గోడలకి తగులుతూ పైకొస్తోంది.

పైనించి ఊడ్చే అమ్మ బకెట్టు పట్టుకుని దిగుతోంది. మా మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా... విన్నావా?"

"వినలేదు" అంది ఆవిడ, గుసగుసగా. మొహం పాలిపోయి ఉంది. "నువ్వు కూడా వినలేదు. పద, పద."

ఆవిడ కిందికి, ఈవిడ పైకి. మూడో అంతస్తు తలుపు తోసుకుని లోపల పడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదట.

థియేటర్ దగ్గర అంతా సిద్ధంగా ఉంది. లైట్లు వెలుగుతున్నాయి. డాక్టర్లు చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని నిలబడి ఉన్నారు. బల్ల మీద మాత్రం ఎవరూ లేరు.

"రక్తం వచ్చింది సరే" అన్నాడు డాక్టరు. "పేషెంటేడి?"

మా మరదలికి అర్థం కాలేదు. "అదేంటి సార్, నాకన్నా ముందే రావాలి కదా..."

కొత్త లిఫ్టు దగ్గరికి పరిగెత్తింది. బటన్ నొక్కింది. రాదు. మళ్ళీ నొక్కింది. ఊహూఁ. గోడకున్న ఫోన్ తీసి ఎమర్జెన్సీకి కొట్టింది. ఆయా ఎత్తింది.

"పెద్ద సిస్టర్ వాళ్ళు బయల్దేరలేదా?"

"అదేంటమ్మా, ఎప్పుడనగా బయల్దేరారు! లైట్లు పోకముందే."

"కొత్త లిఫ్టు పైకి రావట్లేదు..."

"ఎలా వస్తుంది? దాని తలుపు మూసుకోవట్లేదు. ఇదిగో ఇక్కడే నోరు తెరుచుకుని నిలబడింది. లోపల ఎవరూ లేరు." ఆయా గొంతు తగ్గింది. "మేస్త్రి పెళ్ళాం ఇక్కడే బెంచీ మీద కూర్చునుంది. ఆపరేషన్ అయిపోయిందా అని అడుగుతోందమ్మా. ఏం చెప్పను?"

మా మరదలు ఫోన్ పెట్టేసింది.

ముగ్గురు మనుషులు. ఒక స్ట్రెచర్. కింద లేరు, పైన లేరు. అంత బరువు స్ట్రెచర్‌ని ఇద్దరే మెట్లమీద మోయలేరు. మరి ఎక్కడున్నట్టు?

అలా నిలబడి ఉంటే, తన నోరు దానంతట అదే ఏదో లెక్కపెడుతోందట. ఒత్తు... రెండు, మూడు, నాలుగు, అయిదు... ఒత్తు... రెండు, మూడు, నాలుగు, అయిదు... పెద్ద సిస్టర్ నేర్పిన లెక్క. సంచి ఒత్తేటప్పుడు మనసులో ఇలాగే లెక్కపెట్టమంటుంది.

అప్పుడు బుర్రలో వెలిగింది. ఇందాక మెట్ల దగ్గర విన్న ఊపిరి... సరిగ్గా ఇదే లెక్కలో ఉంది!

దెయ్యం లెక్కపెట్టి ఊపిరి పీలుస్తుందా?

కొత్త లిఫ్టు పాడైతే, పక్కన కదిలే లిఫ్టు ఇంకొకటే ఉంది. దెయ్యమన్నా భూతమన్నా పెద్ద సిస్టర్‌కి లెక్కలేదు. ఎక్కేసి ఉంటుంది. ఆ వెంటనే కరెంటు పోయింది. జనరేటర్ వచ్చింది... కానీ ఆ పాత లిఫ్టుకి జనరేటర్ లైను లేదు!

థియేటర్ దగ్గరున్న ఇద్దరు వార్డుబాయ్‌లకి చెప్పింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"అది ఎప్పుడూ తట్టేదే కదా సిస్టర్" అన్నాడొకడు.

"ఊపిరి కూడా వినపడింది."

"స్ట్రెచర్ మామ కూడా పేషెంటుతోనే పోయాడు" అన్నాడు రెండోవాడు, నెమ్మదిగా. "అది ఆయన ఒత్తే ఊపిరైతే?"

ఆ మాటతో మా మరదలికి ఒళ్ళంతా జల్లుమంది. నిజమే కదా. అదే అయితే? అక్కడ ఎవరూ లేకపోతే? తలుపు తీశాక... లోపల తనకి తెలియని మొహం ఉంటే?

కానీ పెద్ద సిస్టర్ వాళ్ళే అయితే? మైకు చేతుల కింద ఆ మేస్త్రి నెత్తురు కారిపోతూ ఉంటే? చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కింద ఒక మనిషి కూర్చుని ఉంటే?

"బావా, నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే మెట్లు దిగాను" అంది నాతో.

వార్డుబాయ్‌లు మూడో అంతస్తు తలుపు దగ్గరే ఆగిపోయారు. తనొక్కతే రెండో అంతస్తు మలుపులోకి వచ్చింది. ట్యూబులైటు ఆరిపోయి ఉంది. ఊపిరి వినపడటం లేదు. మూలుగూ లేదు. ఆ నిశ్శబ్దం ఇందాకటి చప్పుడు కన్నా ఘోరంగా ఉంది. ఆలస్యం చేశానా, అయిపోయిందా అనుకుంది.

చెయ్యెత్తింది. చేయకూడదన్న పని చేసింది.

టక్, టక్, టక్... తిరిగి తట్టింది.

ఏమీ లేదు.

తలుపుకి చెవి ఆనించింది. అప్పుడు... సరిగ్గా ఆ చెవి దగ్గర, తలుపుకి అటుపక్క... టక్, టక్, టక్.

ఎగిరి వెనక్కి పడబోయి, గోడ పట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "సిస్టర్! పెద్ద సిస్టర్!"

అడుగునుంచి ఎక్కడో, గీరుకుపోయిన గొంతు. "ఎవత్తివే అదీ...! తలుపు తియ్యవే!"

ఆ తిట్టు వినగానే ప్రాణం లేచొచ్చిందట. ఇన్నేళ్ళలో పెద్ద సిస్టర్ తిడితే సంతోషపడటం అదే మొదటిసారి అంది.

దాని తర్వాత భయం ఎవరికుంటుంది? వార్డుబాయ్‌లు దూకారు. ఊడ్చే అమ్మ బకెట్టు పారేసి వాచ్‌మన్‌ని లాక్కొచ్చింది. వాచ్‌మన్ ఇనప కడ్డీ తెచ్చాడు. నలుగురూ పట్టి తలుపు విడదీస్తే, లోపల చీకటి. టార్చి వేశారు. లిఫ్టు పూర్తిగా పైకి రాలేదు, దాని నేల నడుం లోతు కింద ఆగిపోయి ఉంది.

స్ట్రెచర్ అడ్డంగా ఉంది. దానికి అవతలి కొసన, గోడకి ఆనుకుని, పెద్ద సిస్టర్. రెండు చేతులూ సంచి మీద. ఒత్తులో బలం తగ్గి చప్పుడు సన్నగిల్లింది గానీ ఆగలేదు. ఒత్తు... రెండు, మూడు... పెదాలు ఆడుతూనే ఉన్నాయి. స్ట్రెచర్ మీదికి ఒక మోకాలు ఎక్కించి మైకు, రెండు చేతులూ తొడ మీద. వాడి గొంతు పూర్తిగా పోయింది. అరిచి అరిచి. బయటికి వినపడిన మూలుగు వాడిదే. మైకు అని పేరు పెట్టుకున్నవాడి గొంతు అంత దగ్గర్లో ఉండి కూడా దెయ్యం మూలుగైపోయింది.

మా మరదలు లోపలికి దూకింది. సంచి మీద చెయ్యి వేసి అంది. "నాది."

పెద్ద సిస్టర్ చేతులు తీసింది. తీయడానికి ప్రయత్నించింది అనాలి. వేళ్ళు చాచుకోలేదు, వంగినవి వంగినట్టే ఉండిపోయాయి.

వార్డుబాయ్ ఒకడు మైకు చేతుల పక్కన తన చేతులు పెట్టాడు. "నాది." మైకు పక్కకి ఒరిగిపోయాడు.

స్ట్రెచర్‌ని అందరూ కలిసి బయటికి ఎత్తి, మూడో అంతస్తు దాకా మెట్లమీద మోశారు. ఊడ్చే అమ్మ కూడా దాని కాలు ఒకటి పట్టింది. మేస్త్రిని థియేటర్‌లోకి తోశాక తలుపులు మూసుకున్నాయి. తెల్లవారుజామున డాక్టరు బయటికొచ్చి బతుకుతాడన్నాడు.

బతికాడు కూడా. చాలా రోజులు పట్టింది గానీ, కర్ర పట్టుకుని, ఆ చెప్పులే వేసుకుని, గేటు దాకా నడిచి వెళ్ళాడు. నేను చూశాను. బండి తుడుచుకుంటున్నట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాను.

అయితే ఇందులో దెయ్యమేదీ అంటారు. నేను కూడా అదే అన్నాను. "భయపెట్టి చంపావు కదే, చివరికి మీ పెద్ద సిస్టరే కదా దెయ్యం!" అని నవ్వాను. మా మరదలు నవ్వలేదు.

డాక్టరు కబురు చెప్పేదాకా తనూ, పెద్ద సిస్టరూ, మైకూ థియేటర్ తలుపు దగ్గర్నించి కదల్లేదట, ఆ తర్వాతే చేతులు కడుక్కోవడానికి నిలబడ్డారట.

"క్షమించండి సిస్టర్" అంది మా మరదలు. "మీరు అంతసేపు తలుపు కొడుతున్నా భయపడి పారిపోయాను."

"ఎవరు కొట్టారే?"

"మీరు... లేకపోతే మైకన్న."

మైకు తల అడ్డంగా ఊపాడు. గొంతు లేదు కదా, అరచేతులు చూపించాడు. మణికట్టు దాకా నెత్తురు ఎండిపోయి ఉంది. వాడు తలుపు ముట్టుకుంటే మరక పడాలి. మా మరదలు టార్చి వేసినప్పుడు చూసింది... తలుపు లోపలి వైపు శుభ్రంగా ఉంది.

"ఏ చేత్తో కొట్టమంటావే నన్ను?" అంది పెద్ద సిస్టర్. "ఒకటి వదిలితే వాడు పోతాడు. ఇద్దరం అవతలి కొసన ఉన్నాం, తలుపు అందదు కూడా. అయినా... చప్పుడు మాకూ వినపడింది. బయట నించి నువ్వే కొడుతున్నావనుకున్నాం. తియ్యవే, తియ్యవే అని అందుకే అరిచాం."

"నేను ఒక్కసారే తట్టాను సిస్టర్."

కొళాయి ధార అలా పోతూనే ఉంది.

కాసేపటికి పెద్ద సిస్టర్ కొళాయి కట్టేసింది. "స్ట్రెచర్ మామ తలుపు బాదాడని ఎవరు చెప్పారే మీకు? ఆ రాత్రి నేను ఇదే అంతస్తులో ఉన్నాను. కొత్తగా చేరిన రోజులు. ఒక్క చప్పుడు వినపడలేదు. వినపడితే పరిగెత్తేవాళ్ళం కాదా? పొద్దున తలుపు తెరిస్తే సంచి ఆయన చేతుల్లోనే ఉంది. పేషెంటు ఎప్పుడు పోయాడో, ఆయన ఎప్పుడు పోయాడో... వేళ్ళు విడదీయడానికి ఇద్దరం పట్టాం."

"మరి తలుపు ఎందుకు కొట్టలేదు?"

"ఏ చేత్తో కొడతాడు? వదలకూడదని నాకు నేర్పిందే ఆయన."

"మరి... ఇప్పుడు కొట్టేది?"

దెయ్యమన్నా భూతమన్నా లెక్కలేని ఆ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ అందట. "ఇప్పుడు చేతులు ఖాళీయే కదే." ఆ తర్వాత, ఇంకా మెల్లిగా అంది. "ఆ వేళ్ళు విడదీశాం గానీ... ఎవరం 'నాది' అనలేదు."

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. నా మరదలికి ఊరుకోవడం తెలీదు.

డ్యూటీ అయ్యాక, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందు, మళ్ళీ ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. ఒక్కతే. వాచ్‌మన్ దాన్ని మూసి గొలుసు వేసి ఉంచాడు. అరచెయ్యి తలుపు మీద ఆనించి అంది. "నాది మామా."

"ఏమైంది?" అన్నాను నేను. నా చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇనప తలుపు బావా. చల్లగా ఉండాలి కదా. చుట్టూ చల్లగానే ఉంది. నా అరచెయ్యి ఉన్నంత మేరకి మాత్రం... వెచ్చగా ఉంది. అవతల నించి ఎవరో చెయ్యి ఆనించినట్టు."

"అమ్మ బాబోయ్! పరిగెత్తావా?"

"ఎలా పరిగెత్తను? 'నాది' అన్నాక అవతలివాళ్ళు చెయ్యి తీసేదాకా ఉండాలి కదా. ఉన్నాను. కాసేపటికి ఆ వెచ్చదనం పోయింది. తీసేశాడు."

ఆ రోజు నించి ఆ తలుపు చప్పుడు ఎవరికీ వినిపించలేదు. అందరూ హాయిగా ఆ మెట్లెక్కి దిగుతున్నారు. పీడ విరగడైందని వాచ్‌మన్ అందరికీ టీలు పోయించాడు. నేనూ తాగాను.

మొన్న మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గదిలో పడుకుంటారు, నా గురక పడలేక.

"చెల్లి సంగతి చూశారా?" అంది గుసగుసగా.

"ఏం సంగతి?"

"నిద్రలో రెండు చేతులూ ఛాతీ మీదికి తెచ్చుకుంటోంది. దేన్నో పట్టుకున్నట్టు. ఒత్తుతుంది... ఆగుతుంది... ఒత్తుతుంది. రాత్రంతా అంతేనండీ. పొద్దున లేచాక దానికేమీ గుర్తుండదు. వేళ్ళు నొప్పిగా ఉన్నాయంటుంది."

నేను చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టేశాను.

"నిన్న లేపబోయాను. చేతులు పట్టుకుని, వదలవే, వదిలెయ్యవే అన్నాను. కళ్ళు మూసుకునే, దీనంగా అంది... 'ఇంకా ఎవరూ రాలేదక్కా' అని." మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "ఎవరు రావాలండీ? ఏం చెబితే వదులుతుంది? ఏదైనా మాట ఉంటే చెప్పండి, నేనే అంటాను."

ఆ మాటేదో నాకు తెలుసు, అన్నవాళ్ళ చేతుల్లోకే అది వస్తుందనీ తెలుసు. చెప్పలేదు. ఏమీ లేదులే, అలసట, పడుకో అన్నాను.

ఇప్పుడు రాత్రిళ్ళు నాకు నిద్ర లేదు. గోడకి అవతల ఆ గదిలోంచి మంచం కిర్రుమంటుంది... ఆగుతుంది... మళ్ళీ కిర్రుమంటుంది. రెండు, మూడు, నాలుగు, అయిదు అని లెక్కపెడుతూ, నా రెండు చేతులూ దుప్పటి కింద పెట్టుకుని పడుకుంటాను.